గ్రీన్‌కార్డు లాటరీకి పుట్టిన ఊరే టిక్కెట్టు

కొత్తచెరువులో పుట్టినవారికి లేదు, కువైట్‌లో పుట్టినవారికి ఉంది
కాగితం చూసి పొలం తాకట్టు పెట్టవద్దు

కొత్తచెరువు: 2025లో వేరుశనగ చెట్లు పెరికే రోజులవి. సాయంత్రం బస్టాండు దగ్గర టీ అంగడి ముందు ఒక పెద్దాయన ఈ విలేకరి కోసం కాచుకుని కూర్చున్నాడు. మండలంలోని ఒక పల్లె ఆయనది. నాలుగు ఎకరాల మెట్ట, అందులో నీళ్లు సరిగా పడని ఒక బోరు. కొడుకు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. పెద్దాయన చేతిసంచిలో పట్టాదారు పాసు పుస్తకం, దాని మధ్యలో మడిచిపెట్టిన ఒక కాగితం ఉన్నాయి.

"నువ్వు పేపరుకు రాస్తావు కదప్పా, ఇదేందో చదివి చెప్పు. మావానికి గ్రీన్‌కార్డు లాటరీ తగిలిందంట. ఇంటికి రాకుండా ఆడే ఉండి దరఖాస్తు పెట్టుకోవచ్చునంట. నాలుగు లచ్చలు కట్టల్లంట. రేపు బ్యాంకుకు పోదామని పుస్తకం తెచ్చుకున్యా" అన్నాడు.

కాగితం పైభాగాన గద్ద బొమ్మ, పక్కన నక్షత్రాల జెండా. కొడుకు పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు అన్నీ సరిగానే ఉన్నాయి. కింద ఎవరిదో సంతకం, డబ్బు వేయవలసిన ఖాతా నంబరు. చూసినవాడు నమ్మేటట్టే ఉంది. ఈ విలేకరి ఒకే ప్రశ్న అడిగాడు.

"మీవాడు యాడ పుట్టినాడు పెద్దాయనా?"

"ధర్మవరం పెద్దాసుపత్రిలో."

"అయితే పుస్తకం సంచిలోనే పెట్టుకో. ఈ కాగితం అబద్ధం."

పెద్దాయనకు నమ్మకం కుదరలేదు. పేరు సరిగా ఉంది, నంబరు సరిగా ఉంది, అబద్ధం ఎట్లవుతుంది అన్నాడు. ఆ సందేహం ఆయన ఒక్కనిదే కాదు. బిడ్డల్ని అమెరికాకు పంపిన ఇళ్లు ఇప్పుడు మన పల్లెల్లో కూడా ఉన్నాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరంగా పడని ఈ మెట్టనేలలో పొలం మీద అప్పు తెచ్చి పంపినవారే ఎక్కువ. "గ్రీన్‌కార్డు" అన్న మాట వినబడితే ఆ ఇంట్లో అప్పు తీరే దారి కనబడుతుంది. మోసగాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఆ ఆశనే. అందుకే ఈ లాటరీ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పుకోవలసి వచ్చింది.

మూడు వేలు, మళ్లీ మూడు వేలు

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ విలేకరి కూడా ఒకప్పుడు మోసపోయినవాడే. పదేళ్లు దాటిన మాట. దగ్గరి పట్టణంలో ఒక ఇంటర్నెట్ అంగడి ముందు "అమెరికా లాటరీ దరఖాస్తులు పూర్తి చేయబడును" అని బోర్డు పెట్టారు. ఇంటర్ చదివితే చాలన్నారు. తెల్లగుడ్డ ముందర నిలబెట్టి ఫోటో తీశారు. మూడు వేల రూపాయలు తీసుకుని, మే నెలలో రమ్మన్నారు. మే నెలలో పోతే "ఈసారి నీ పేరు రాలేదు, మళ్లీ కట్టు" అన్నారు. మళ్లీ మూడు వేలు కట్టాడు.

ఆ తర్వాత ఒక రోజు అమెరికా ప్రభుత్వం వేసిన సూచనల పత్రం కుదురుగా కూర్చుని చదివితే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఆ దరఖాస్తుకు అప్పట్లో ప్రభుత్వం ఒక్క పైసా కూడా తీసుకునేది కాదు. రెండు, అర్హత లేని దేశాల జాబితాలో ఇండియా పేరు స్పష్టంగా ఉంది. ఇంటర్ పాసైనవానికి చదువు అర్హత ఉన్న మాట నిజమే. అడ్డం వచ్చింది పుట్టిన ఊరు. ఆరు వేలతో ఆ పాఠం నేర్చుకున్నాడు కాబట్టే పెద్దాయన కాగితం చూడగానే ఆ ప్రశ్న అడగగలిగాడు.

మనకెందుకు లేదు?

ఈ లాటరీకి అసలు పేరు డైవర్సిటీ వీసా. పొట్టిగా డివి అంటారు. అమెరికా చట్టసభ 1990లో చేసిన వలస చట్టంలో ఇది పుట్టింది. 1995 ఆర్థిక సంవత్సరం నుంచి ఇప్పుడున్న పద్ధతిలో నడిచింది. ఏటా 55 వేల గ్రీన్‌కార్డులు దీనికి కేటాయించారు. 1997లో మధ్య అమెరికా దేశాల శరణార్థుల కోసం చేసిన మరో చట్టం ఇందులోంచి 5 వేల దాకా పక్కకు తీసింది.

ఉద్దేశం ఏమిటంటే, అమెరికాకు తక్కువమంది వస్తున్న దేశాలవారికి కూడా ఒక దారి ఇవ్వడం. అందువల్ల గడచిన 5 ఏళ్లలో 50 వేలమందికి మించి వలస వెళ్లిన దేశాలను జాబితాలోంచి తీసేస్తారు. ఇండియా, చైనా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, మెక్సికో, ఫిలిప్పీన్స్ వంటివి ఆ విధంగా తీసివేసిన దేశాలు. మన చౌకడిపో భాషలో చెప్పాలంటే, ఇప్పటికే ఎక్కువ సరుకు ఎత్తిన వీధికి ఈ కోటాలో గింజ లేదు.

పక్కనున్న నేపాల్, శ్రీలంకలకు మాత్రం అర్హత ఉంటూ వచ్చింది. పుట్టపర్తికి దర్శనానికి వచ్చిన నేపాలీ భక్తునికి ఉన్న అవకాశం, పుట్టపర్తిలోనే పుట్టినవానికి లేదన్నమాట. వినడానికి విడ్డూరంగా ఉన్నా, లెక్క అదే.

అర్హత ఉన్న దేశంవారైనా పన్నెండేళ్ల చదువు పూర్తి చేసి ఉండాలి. లేదా, నేర్చుకోవడానికి కనీసం రెండేళ్లు పట్టే పనిలో గత ఐదేళ్లలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఒక మనిషికి ఏడాదికి ఒకే దరఖాస్తు. రెండు వేస్తే రెండూ చెల్లవు.

పాస్‌పోర్టు కాదు, పురుడు పోసిన చోటు

ఇక్కడే మన జిల్లావారు గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. ఈ లాటరీలో దేశం అంటే పాస్‌పోర్టు ఇచ్చిన దేశం కాదు. పుట్టిన దేశం.

కదిరి, రాయచోటి, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయి బతికిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారిలో భార్యను కూడా తీసుకుపోయి అక్కడ కాపురం పెట్టినవారి బిడ్డలు కువైట్‌లోనో, సౌదీలోనో, ఒమన్‌లోనో పుట్టారు. పాస్‌పోర్టు ఇండియాదే. చదివింది అనంతపురంలోనో, బెంగుళూరులోనో. ఇంట్లో మాట్లాడేది తెలుగు. అయినా డివి లెక్కలో వారు కువైట్‌వారు, సౌదీవారు, ఒమన్‌వారు. ఆ దేశాలకు అర్హత ఉంటూ వచ్చింది. ఆ బిడ్డలు ఇండియా మనుషులమనుకుని దరఖాస్తే వేయకుండా ఊరుకుంటారు. అర్హత లేనివాడు మూడు వేలు పోగొట్టుకుంటే, అర్హత ఉన్నవాడు ఆ సంగతే ఎరగడు.

ఇంకొక వెసులుబాటు కూడా ఉంది. భార్యాభర్తల్లో ఒకరు అర్హత ఉన్న దేశంలో పుట్టి ఉంటే, రెండోవారు ఆ దేశాన్ని చూపుకోవచ్చు. అంటే కొత్తచెరువులో పుట్టినవాడు కువైట్‌లో పుట్టిన అమ్మాయిని పెళ్లాడి ఉంటే అతనికీ దారి ఉంది. అయితే ఇద్దరి పేర్లూ దరఖాస్తులో ఉండాలి, ఇద్దరికీ కలిపే మంజూరు కావాలి. ఈ మాట విని గల్ఫ్‌లో పుట్టిన సంబంధాల కోసం దళారుల చుట్టూ తిరగరాదు. కాగితం కోసం చేసుకున్న దొంగపెళ్లి అమెరికా చట్టంలో నేరం. 5 ఏళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా.

అక్కడే ఉండి దరఖాస్తు పెట్టేది ఎట్లా?

కదిరి తావున ఒక కుటుంబం అనుకుందాం. తండ్రి కువైట్‌లో మెకానిక్కుగా పనిచేశాడు. కొడుకు అక్కడే పుట్టాడు. ఐదో తరగతికి ఊరికి వచ్చి, ఇక్కడే ఇంజనీరింగు ముగించి, ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అమెరికా పోయాడు. 2023 అక్టోబరు, నవంబరు నెలల్లో, 2025 సంవత్సరపు లాటరీకి దరఖాస్తు వేశాడు. 2024 మే నెలలో ఫలితం చూసుకుంటే పేరు వచ్చింది. ఇతడు గ్రీన్‌కార్డు కోసం ఊరికి తిరిగి రావలసిన పని లేదు. అమెరికాలో ఉండగానే తన స్థితి మార్చమని అడగవచ్చు. పెద్దాయన కాగితంలో "ఆడే ఉండి దరఖాస్తు పెట్టుకోవచ్చు" అన్న మాట ఈ పద్ధతి నుంచి ఎత్తుకొచ్చిందే. పద్ధతి నిజం. వాడుకున్న తీరు మోసం.

మొదటి మెట్టు నంబరు. పేరు వచ్చిన ప్రతివారికీ ఒక కేసు నంబరు ఇస్తారు. అది ఎంత చిన్నదైతే అంత ముందు పిలుపు. మన సర్కారు ఆసుపత్రిలో ఓపీ చీటీ మాదిరి. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా వీసా బులెటిన్ అనే పత్రం వేస్తుంది. ఆసియా ఖండానికి ఈ నెల ఏ నంబరు దాకా వచ్చిందో అందులో చూసుకోవాలి. కువైట్ ఆసియా లెక్కలోకే వస్తుంది.

రెండో మెట్టు రుసుము. లాటరీవారు విదేశాంగ శాఖకు విడిగా 330 డాలర్లు కట్టాలి.

మూడో మెట్టు అసలు దరఖాస్తు. దానిని ఐ-485 ఫారం అంటారు. ఇది యుఎస్‌సిఐఎస్ అనే వలస శాఖకు పోతుంది. 2024 ఏప్రిల్ నుంచి పెద్దవారికి దీని రుసుము 1,440 డాలర్లు. మన రూపాయల్లో లక్షా ఇరవై వేలు దాటుతుంది. పేరు వచ్చినట్టు చూపే పత్రం, పుట్టిన సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, అమెరికాలోకి అడుగుపెట్టినట్టు చూపే ఐ-94, కళాశాల ఇచ్చిన ఐ-20, పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు జత చేయాలి. ప్రభుత్వం గుర్తించిన డాక్టరు వద్ద పరీక్ష చేయించుకుని, ఆ సీలు కవరు కూడా పెట్టాలి. 2024 డిసెంబరు 2 నుంచి ఆ కవరు దరఖాస్తుతోపాటే పంపాలన్న నియమం వచ్చింది. పుట్టిన సర్టిఫికెట్టులో తండ్రి పేరు ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటే తంటా తప్పదు. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ మనవాళ్లకు మామూలే కాబట్టి, ఈ కాగితాలు పేరు వచ్చిన రోజు నుంచే సరిచేసుకోవాలి.

నాలుగో మెట్టు వేలిముద్రలు, పోలీసు విచారణ, ఆ తర్వాత దగ్గరి కార్యాలయంలో ముఖాముఖి. అన్నీ సరిపడితే గ్రీన్‌కార్డు తపాలాలో ఇంటికి వస్తుంది. పెళ్లయినవారైతే భార్య, 21 ఏళ్లలోపు పిల్లల పేర్లు మొదటి దరఖాస్తులోనే ఉండాలి. పెళ్లాం పేరు దాచిపెట్టినవారి కేసు అక్కడితో ముగుస్తుంది. దరఖాస్తు తర్వాత జరిగిన పెళ్లి అయితే ఆధారాలతో పేరు చేర్చుకోవచ్చు.

పెట్రోలు బంకు పని తెచ్చే చేటు

ఈ పద్ధతికి గట్టి షరతు ఒకటి ఉంది. దరఖాస్తు పెట్టేనాటికి ఆ మనిషి అమెరికాలో చట్టప్రకారం ఉండి ఉండాలి. వచ్చినప్పటి నుంచి వీసా నియమం తప్పకుండా నడుచుకుని ఉండాలి. కంపెనీల ద్వారా గ్రీన్‌కార్డు అడిగేవారికి 180 రోజుల దాకా పొరపాట్లను మన్నించే నిబంధన ఉంది. లాటరీవారికి ఆ మన్నింపు లేదు.

మన పిల్లలు అక్కడ చదువుకుంటూ ఖర్చుకని పెట్రోలు బంకుల్లో, అంగళ్లలో అనుమతి లేకుండా చేసే పని ఇక్కడ దెబ్బ కొడుతుంది. క్లాసులకు పోకుండా పేరుకు మాత్రం చేరిన కళాశాల కూడా అంతే. 2019 జనవరిలో డెట్రాయిట్ దగ్గర జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అనే పేరుతో అమెరికా అధికారులే ఒక బూటకపు కళాశాల నడిపి, క్లాసులు లేకుండా వీసా నిలుపుకోవడానికి చేరినవారిని పట్టుకున్నారు. అరెస్టయినవారిలో 129 మంది భారతీయ విద్యార్థులు. అందులో ఎక్కువమంది తెలుగు పిల్లలు. వారు వేసిన ఎత్తు చదువు లేకుండా నాలుగు రోజులు నిలబడడానికి. పోగొట్టుకున్నది ఉన్న స్థితినే.

నియమం తప్పినవాడు అక్కడ దరఖాస్తు పెట్టలేక, బయటికి వచ్చి కాన్సులేటు ద్వారా అడుగుదామనుకుంటే ఇంకో గొళ్లెం ఉంది. అక్రమంగా 180 రోజులకు మించి ఉండి బయటికి వస్తే 3 ఏళ్లు, ఏడాది గాని అంతకు మించి గాని ఉండి వస్తే 10 ఏళ్లు లోపలికి రానివ్వరు. లాటరీ చీటీకి అన్నేళ్ల ఆయుష్షు ఉండదు.

సెప్టెంబరు 30 అర్ధరాత్రి

ఆ ఆయుష్షు ఎంత అంటే, ఒక్క ఏడాది. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. మన కుర్రవానికి 2024 అక్టోబరు 1 నుంచి 2025 సెప్టెంబరు 30 దాకానే గడువు. ఆ లోపల మంజూరు కావాలి. దరఖాస్తు పెట్టి ఉంటే చాలదు. తప్పు ఆఫీసుదైనా సరే, అక్టోబరు 1 తెల్లవారితే ఆ నంబరు చెల్లని నోటు. కట్టిన డబ్బు తిరిగి రాదు.

పేరు వచ్చినంత మాత్రాన కార్డు వచ్చినట్టు కాదన్నది కూడా తెలుసుకోవాలి. 2025 సంవత్సరపు లాటరీకి దాదాపు 2 కోట్ల దరఖాస్తులు పడ్డాయి. కుటుంబ సభ్యులతో కలిపి 1 లక్షా 31 వేలమందిని ఎంపిక చేశారు. ఉన్న కార్డులు 50 వేల పైచిలుకు. సగం మందికి పైగా మధ్యలో రాలిపోతారన్న అంచనాతోనే అంతమందిని పిలుస్తారు. పెద్ద నంబరు వచ్చినవారు ఆఖరు నెలల దాకా ఎదురుచూసి, ఆ తర్వాత పరుగు తీయవలసి వస్తుంది.

గడువు ఎంత కఠినమో 2020లో కరోనా వేళ తేలిపోయింది. కాన్సులేట్లు మూతపడ్డాయి. వీసాలు ఆపమని అధ్యక్షుని ఉత్తర్వు వచ్చింది. పేరు వచ్చినవారు కోర్టుకు పోయారు. వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు జడ్జి అమిత్ మెహతా, మన గుజరాత్ రాష్ట్రంలోని పటన్‌లో పుట్టిన ఆయన, వారికి అనుకూలంగా ఆదేశం ఇచ్చారు. కాని ఆ వ్యాజ్యాలు నాలుగేళ్లు నడిచాక, 2024 జూన్‌లో పై కోర్టు మరో విధంగా తీర్పు చెప్పింది. ఆర్థిక సంవత్సరం దాటిపోయాక వీసా ఇమ్మని ఆదేశించే అధికారం కోర్టులకు లేదన్నది. ఏళ్ల తరబడి ఎదురుచూసినవారికి మిగిలింది కేసు కాగితాలే.

ఊళ్లో తండ్రికి బాగాలేదంటే

అక్కడే ఉండి దరఖాస్తు పెట్టుకోవడంలో సుఖం ఉంది. ఉన్న ఇల్లు వదలనక్కరలేదు, చదువు మానుకోనక్కరలేదు. దానికి తగిన కట్టడి కూడా ఉంది. ఐ-485 పెట్టిన విద్యార్థి, ముందస్తు ప్రయాణ అనుమతి కాగితం చేతికి రాకుండా అమెరికా గడప దాటితే, ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. హెచ్-1బి వంటి కొన్ని ఉద్యోగ వీసాలవారికి ఇందులో మినహాయింపు ఉంది. విద్యార్థి వీసావారికి లేదు.

ఆ అనుమతి వెంటనే రాదు, నెలలు పట్టవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాల్లో దగ్గరి కార్యాలయానికి పోయి త్వరగా ఇమ్మని అడిగే వీలుంది. ఇస్తారన్న హామీ లేదు. ఊళ్లో తండ్రికి బాగాలేదని ఫోను వస్తే, ఆ కుర్రవాడు ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో కేసు నంబరు పట్టుకుని ఏమి చేయాలి? బయలుదేరితే జీవితంలో మళ్లీ రాని అవకాశం పోతుంది. ఉండిపోతే తలకొరివి పెట్టే కొడుకు లేకుండా తండ్రి వెళ్లిపోతాడు. దరఖాస్తు పెట్టక ముందే ఇంటివారితో ఈ మాట మాట్లాడుకోవాలి. పెద్దలు కూడా "నాకేమైనా అయితే రావద్దు" అనో, "రావలసిందే" అనో ముందే చెప్పాలి. ప్రయాణ అనుమతి ఫారం ఐ-131ను ఐ-485తోపాటే పెట్టుకోవడం మంచిది.

మరొక చిక్కు. విద్యార్థి వీసా అంటేనే చదువు ముగించి తిరిగి వస్తానన్న మాట. ఐ-485 పెట్టినవాడు ఇక్కడే ఉండిపోతానని రాసిచ్చినట్టు. దరఖాస్తు వీగిపోతే, ఆ తర్వాత హైదరాబాద్ కాన్సులేటులో కొత్త విద్యార్థి వీసా అడిగినప్పుడు ఆ సంగతి బయటికి వస్తుంది. వెనక్కి మళ్లడం సులువు కాదు.

లాటరీ పేరిట ఇంకొకటి

మన ఊళ్లలో "మావానికి లాటరీ తగిలింది" అంటే సాధారణంగా వేరే అర్థం. అది హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ. ఏటా 65 వేలు, అమెరికాలో పై చదువు చదివినవారికి మరో 20 వేలు. అది కంపెనీ వేసే దరఖాస్తు. అందులో పేరు వచ్చినా అది గ్రీన్‌కార్డు కాదు, కొన్నేళ్ల ఉద్యోగ అనుమతి. అక్కడి నుంచి గ్రీన్‌కార్డుకు వేరే వరుస ఉంది. ఉద్యోగాల కోటా ఏటా 1 లక్షా 40 వేలు. ఒక్క దేశానికి 7 శాతానికి మించరాదన్న పరిమితి. అందువల్ల 2025 మధ్యలో రెండో వర్గంలో ఇండియా వరుస 2013 జనవరి దగ్గర ఉంది. పన్నెండేళ్ల కిందట నిలబడినవారికి అప్పుడు పిలుపు వస్తున్నదన్నమాట. ఈ రెండు లాటరీలు ఒకటే అనుకోవడం వల్లే చాలామంది తల్లిదండ్రులు దొంగకాగితాన్ని నమ్ముతున్నారు.

ఇప్పుడు ఏమైంది?

2025 అక్టోబరులో మామూలుగా మొదలుకావలసిన కొత్త దరఖాస్తులు ఆ నెలలో మొదలు కాలేదు. దరఖాస్తుకు 1 డాలరు రుసుము పెడుతూ అదే ఏడాది నిబంధన వచ్చింది. డిసెంబరులో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో కాల్పులు జరిగి ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. నిందితుడు 2017లో ఈ లాటరీ ద్వారా గ్రీన్‌కార్డు పొందినవాడని తేలింది. దానిపై అప్పటి హోంల్యాండ్ సెక్యూరిటీ మంత్రి క్రిస్టీ నోయమ్, అధ్యక్షుడు ట్రంప్ ఆదేశం మేరకు ఈ కార్యక్రమాన్ని నిలిపివేయమని చెప్పినట్టు ప్రకటించారు. కాబట్టి గల్ఫ్‌లో పుట్టిన బిడ్డలున్నవారు కూడా, అడుగు వేసే ముందు ఆనాటి పరిస్థితి ఏమిటో అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోవాలి. ఎవరో చెప్పారని డబ్బు కట్టరాదు.

దొంగకాగితం గుర్తు పట్టేదెట్లా?

పేరు వచ్చినవారికి అమెరికా ప్రభుత్వం ఉత్తరం రాయదు, డబ్బు కట్టమని ఈ-మెయిల్ పంపదు, వాట్సాప్‌లో పిలవదు. దరఖాస్తు వేసిన రోజు ఇచ్చిన నంబరుతో ఎవరికి వారు వెబ్‌సైటులో చూసుకోవలసిందే. ఆ చిరునామా చివర "డాట్ జిఒవి" అని ఉంటుంది. "డాట్ కామ్", "డాట్ ఆర్గ్" అని ఉన్నవి, ఎంత గద్ద బొమ్మ వేసుకున్నా, ప్రభుత్వానివి కావు.

దరఖాస్తే వేయనివానికి లాటరీ తగలదు. ఇండియాలో పుట్టి, అర్హత ఉన్న భార్యో భర్తో లేనివానికి దాదాపుగా దారి లేదు. తల్లిదండ్రులిద్దరూ వేరే దేశంవారై, తాత్కాలికంగా ఇక్కడ ఉన్నప్పుడు పుట్టిన బిడ్డకు మాత్రం మినహాయింపు ఉంది. మన పల్లెల్లో అట్లాంటివారు ఎందరుంటారు?

దళారి చేత దరఖాస్తు వేయించుకునేవారు నంబరు తమ దగ్గరే పెట్టుకోవాలి. నంబరు దాచిపెట్టి, పేరు వచ్చాక లక్షలు అడిగేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. ఇప్పటికే డబ్బు పంపి మోసపోయినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. అది సైబర్ మోసాలకు దేశమంతటా ఉన్న నంబరు. ఎంత త్వరగా చెబితే ఖాతాలో డబ్బు నిలిపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి ఊరుకుంటే అదే దొంగ పక్క ఊరికి పోతాడు.

కదిరి ఫోను

ఆ రాత్రి పెద్దాయన ఇంట్లోంచి టెక్సాస్‌కు ఫోను చేశాము. కొడుకు లాటరీకి దరఖాస్తే వేయలేదన్నాడు. వీసాకు పోయేముందు పాస్‌పోర్టు నకళ్లు రెండు మూడు చోట్ల ఇచ్చానని, ఎక్కడి నుంచి బయటికి పోయాయో తెలియదని అన్నాడు. "నాయనా, అప్పు చేసేముందు నన్నొక మాట అడగొద్దా" అని నొచ్చుకున్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు. పాసు పుస్తకం తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

ఈ విలేకరి లేచి వస్తుంటే, గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగాడు. "ఇదో అప్పా, మా బామ్మర్ది కువైట్‌లో ఇరవై ఏండ్లుండె. వాని బిడ్డ ఆడే పుట్టింది. ఆ పాప ఇప్పుడు అమెరికాలోనే సదువుతాంది. ఆ పాపకు పనికొస్తాదా ఇది?"

పనికి వస్తుందని, ఆ పాప పుట్టిన సర్టిఫికెట్టు పోగొట్టుకోకుండా భద్రం చేయమని, కళాశాల మానకుండా, అనుమతి లేని పనికి పోకుండా ఉండమని చెప్పమన్నాడు. పెద్దాయన అప్పుడే కదిరికి ఫోను కలిపాడు.

మరుసటి నెలలోనే లాటరీ నిలిపివేసిన వార్త వచ్చింది. ఈ సంగతి చెబితే పెద్దాయన, "వాన కూడా నిలబడతాది, మళ్లా పడతాది. విత్తనం చెడకుండా పెట్టుకుంటే చాలు" అన్నాడు. గల్ఫ్‌లో పుట్టిన బిడ్డలున్న ఇళ్లవారు ఆ మాట గుర్తుంచుకుంటే మేలు. ఇక్కడ పుట్టిన బిడ్డలున్న ఇళ్లవారు పాసు పుస్తకం పెట్టెలోంచి తీయకుంటే అంతకంటే మేలు.